డాక్టరమ్మ చెప్పని మాత్రలు

నీళ్ళలో కలిసి ఉన్న ఆక్సిజన్‌ను తీసేయడం నా ఉద్యోగం. కృష్ణ ఒడ్డున ఉన్న థర్మల్ ప్లాంటులో, బాయిలర్‌కు వెళ్ళే నీటిని పరీక్షించే ల్యాబులో నేను కెమిస్టును. నదిలో చేపలను బతికించే ఆ వాయువే బాయిలర్ గొట్టాలను తినేస్తుంది. వేడినీటిలో రవ్వంత మిగిలినా చాలు, గొట్టం లోపలి గోడను సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు పెడుతుంది. ఏదో ఒకరోజు గుంట గోడను దాటి బయటపడుతుంది, యూనిట్ ఆగిపోతుంది. అందుకని నీళ్ళను ఆవిరితో కాచి, అప్పటికీ మిగిలిన ఆక్సిజన్‌ను మింగేసే మందొకటి కొద్దికొద్దిగా కలుపుతాం. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఆ మందు సరిగ్గా పడుతోందా లేదా అని చూసుకోవడంతోనే గడిచింది. పాత గొట్టాలు మార్చినప్పుడు కోసిన ముక్కలను నా బల్ల మీద పెట్టుకునేవాణ్ణి. కొత్తగా చేరినవాళ్ళకు ఆ గుంటలు చూపించి పాఠం చెప్పడమంటే నాకు ఇష్టం.

ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా అక్కకు నేను చేసిన అన్యాయం ఈ తెలివితోనే చేశాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

అక్కను రాయచూరులో ఇచ్చారు. పంటలు అమ్మే గంజ్ దగ్గర బావకు గోనెసంచులు, తాళ్ళు, టార్పాలిన్లు అమ్మే దుకాణం ఉంది. పంట ఇంటికి వచ్చే రోజుల్లో కల్మల నుంచి, కల్లూరు నుంచి వచ్చే రైతులతో అక్కడ నిలబడడానికి చోటుండదు. వాళ్ళకు పిల్లలు లేరు. నాకు ప్లాంటులో ఉద్యోగం వచ్చాక, నా ఆదివారం భోజనం వాళ్ళింట్లోనే అని అక్క తేల్చేసింది. నాకు పెళ్ళయి, నా భార్య తన ఉద్యోగం వల్ల హుబ్బళ్ళిలో ఉండవలసి వచ్చాక ఆ ఆదివారాలు మరింత గట్టిపడ్డాయి. ఆ ఇంట్లో నేను అన్నీ తెలిసినవాణ్ణి. ఏ నీళ్ళ ఫిల్టర్ కొనాలి, ఏ నూనె మంచిది, దుకాణంలో చెదలకు ఏం చల్లాలి, ఏదడిగినా బావ జవాబు ఒక్కటే. "మా బామ్మర్ది వస్తడు, ఆయన్ని అడుగుదం." అలా అడిగించుకోవడం నాకు అలవాటైపోయింది. తెలియదని చెప్పడం మరిచిపోయాను.

అక్కకు నడుము నొప్పి మొదలైనప్పుడు కూడా నన్నే అడిగారు. క్యాల్షియం తక్కువయ్యిందన్నాను. మాత్రలు కూడా నేనే తెచ్చి ఇచ్చాను. ఒకరోజు నీళ్ళ బకెట్ ఎత్తబోయి అక్క కుప్పకూలింది. పక్కటెముక విరిగిందన్నారు. బకెట్ ఎత్తితే ఎముక విరగడమేమిటని అక్కడి డాక్టరుకే అనుమానం వచ్చి, హైదరాబాదు పంపాడు. ఎముకల లోపలి మూలుగలో పుట్టే క్యాన్సర్ అని అక్కడ తేలింది. నెలల తరబడి మందులు వాడితే జబ్బు చాలావరకు అణిగింది. ఇక మూలుగ మార్పిడి చేస్తే మంచిదని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. తీరిగ్గా, ఒక్కొక్క మాట విడమరచి చెప్పే మనిషి.

"మూలుగలోని మూల కణాలను రక్తంలోకి రప్పించి, ముందుగా తీసి, గడ్డకట్టించి దాస్తాం. తర్వాత చాలా గట్టి మందు ఎక్కిస్తాం. అది జబ్బునూ మూలుగనూ కలిపి ఊడ్చేస్తుంది. అప్పుడు దాచినవి మీకే తిరిగి ఎక్కిస్తాం. రెండుసార్లకు సరిపడా తీస్తాం, సగం అలాగే ఉంచుతాం. ముందు ముందు అవసరం పడొచ్చు."

అక్క వెంటనే అందుకుంది. "అంటే చేనుకు నిప్పు పెట్టి, మల్ల ఇత్తనం ఏసుడన్నట్టు."

డాక్టరమ్మ నవ్వింది. "అంతేనమ్మా. మధ్యలో కొన్నాళ్ళు చేను ఖాళీగా ఉంటుంది. ఆ రోజులే కష్టం."

ఆ రోజుల్లో ఏమవుతుందని నేనడిగాను. నా చదువు ఆమెకు తెలియాలన్న ఉబలాటం కూడా అందులో ఉంది. ఆ మందు వల్ల ఒంట్లో ఆక్సిడేషన్ బాగా పెరుగుతుందని, దాన్ని అడ్డుకునే విటమిన్లు రక్తంలో పడిపోతాయని, నోరు పేగులు పుండవుతాయని ఆమె చెప్పింది. ఆ విటమిన్లు మనమే బయటి నుంచి ఇస్తే సరిపోతుంది కదా అన్నాను.

"వద్దు," అంది ఆమె. "జబ్బు కణాలను చంపడంలో కూడా ఆ మంటకు కొంత పాలుంది. మనమిచ్చేది మంచి కణాలనే కాపాడుతుంది, జబ్బు కణాలను కాపాడదు అని ఎవరూ హామీ ఇవ్వలేరు. దాని మీద ఇంకా వాదనలు నడుస్తున్నాయి. మేమిచ్చేవి తప్ప ఒక్క మాత్ర కూడా వద్దు."

ఆ మాటలన్నీ నేను విన్నాను. అర్థం కూడా చేసుకున్నాను. అయినా తిరుగు రైల్లో నా మనసు ఒక్క మాటనే పట్టుకుని కూర్చుంది. ఆక్సిడేషన్. దాని గురించి నాకా చెప్పేది అనిపించింది. గొట్టాలు ఎలా తుప్పు పడతాయో, మేమెలా ఆపుతామో, ఒంట్లో జరిగేది కూడా అదేనని బావకు ఉపన్యాసం మొదలుపెట్టాను. బావ సాంతం విని అన్నాడు.

"అయితే ఇన్నేండ్లు నేను బాయిలర్‌తోని కాపురం చేస్తున్ననా బామ్మర్దీ?"

"బాయిలరే అయితే బాగుండు," అంది అక్క కిటికీ పక్క నుంచి. "నీ స్నానానికి పొద్దుగాల పొద్దుగాల నీళ్ళు కాగబెట్టే బాధ తప్పుతుండె."

ముగ్గురం నవ్వాం. ఎదుటి సీటులోని ముసలాయన కూడా నవ్వాడు. నేను మాత్రం లోపల నిర్ణయం చేసేసుకున్నాను.

ఇప్పుడు ఆలోచిస్తే నా వృత్తి కూడా నన్ను హెచ్చరించే ఉంది. కొత్త రకం ప్లాంట్లలో నీళ్ళలోంచి ఆక్సిజన్‌ను పూర్తిగా తీసేయరు. కావాలనే కొంచెం వదులుతారు. ఉక్కు మీద పలుచని పొర కట్టి అదే గొట్టాన్ని కాపాడుతుంది. దాని మీద మాకు శిక్షణ కూడా ఇచ్చారు. ఎప్పుడు శత్రువో ఎప్పుడు కాదో లోహాన్ని బట్టి, నీటిని బట్టి ఉంటుందని అక్కడ చెప్పారు. నేను తలూపి విన్నాను. మనిషి ఒళ్ళు దగ్గరికి వచ్చేసరికి నా పాత యూనిట్ లెక్కే నాకు గుర్తొచ్చింది.

రాయచూరులోనే వేరు వేరు మందుల షాపుల్లో ఆ విటమిన్ల మాత్రలు కొన్నాను. ఒకే చోట కొంటే ఎందుకన్ని అని అడుగుతారేమోనని భయం. ఆ భయమొక్కటే చాలు, నేను చేస్తున్నది తప్పని నాకు తెలుసనడానికి. అట్టలు చింపేసి అన్నిటినీ మూత ఉన్న ఒక డబ్బాలో పోసుకున్నాను.

ఆ వార్డులో రోగి వెంట ఒక్కరినే ఉండనిస్తారు. బావకు ఆసుపత్రి వాసనకే కళ్ళు తిరుగుతాయి. నేను సెలవు పెట్టి వెళ్ళాను. చెప్పులు మార్చుకుని, మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాలి. బయటి తిండి లేదు, తొక్క తీయని పండు లేదు. ఆ శుభ్రమంతా నేను తు.చ. తప్పకుండా పాటించాను. పాటిస్తూనే జేబులో ఆ డబ్బా పెట్టుకున్నాను.

గట్టి మందు ఎక్కించే రోజు నర్సు ఒక గిన్నె నిండా ఐసు ముక్కలు తెచ్చింది. మందు ఎక్కుతున్నంతసేపూ నములుతూ ఉంటే నోట్లో రక్తనాళాలు ముడుచుకుని మందు అక్కడికి తక్కువగా చేరుతుందని, పుండ్లు తగ్గుతాయని చెప్పింది. అక్క దవడలు కొయ్యబారినా మానలేదు.

"రాయచూరు ఎండల కూడ గింత ఐసు తినలే రా. పండ్లు ఊడొస్తయేమో."

"ఊడితే కట్టుడు పండ్లు పెట్టిద్దం తియ్."

"బాగ చెప్పినవ్. జొన్నరొట్టె నువ్వు నమిలి పెడ్తవా నాకు?"

అంతకుముందు రోజు నుంచే మాత్రలు మొదలుపెట్టాను. మొదటిసారి అరచేతిలో పెట్టి చూపినప్పుడు ఇవేంటివని అడిగింది. "డాక్టరమ్మ ఇయ్యమన్నది," అన్నాను. నోరు తెరిచింది. మరునాడు ఏమీ అడగలేదు. నా చెయ్యి చూడగానే నోరు తెరిచేది.

రౌండ్స్‌కు వచ్చిన డాక్టరమ్మ గది బయట ఆగి నన్ను అడిగింది. "బయటి మందులేమీ ఇవ్వడం లేదు కదా?"

"లేదు మేడమ్," అన్నాను.

తర్వాతి రోజులు బాగా గడిచాయని చెప్పలేను. జ్వరం వచ్చింది, విరేచనాలు పట్టుకున్నాయి, జుట్టు దిండు మీద కుచ్చులుగా రాలింది. కాని నోటి పుండ్లు మాత్రం పక్క గదుల్లో వాళ్ళతో పోలిస్తే చాలా తక్కువ. గంజి తాగగలిగింది. డాక్టరమ్మ టార్చి వేసి చూసి, "ఐసు బాగా నమిలారమ్మా," అని మెచ్చుకుంది. ఐసు కాదు, నేనే, అని లోలోపల అనుకున్నాను. మనిషి మంచం మీద సగమై పడి ఉంటే, పక్కన నిలబడి నేను గెలిచానని సంతోషపడ్డాను. ఈ మాట రాయడం నాకు మాత్రలిచ్చిన సంగతి రాయడం కంటే కష్టంగా ఉంది.

తిరిగి ఎక్కించిన కణాలు నిలదొక్కుకున్నాయి. అక్క ఇంటికొచ్చింది. గుండు మీద మొలిచిన కొత్త జుట్టు ఉంగరాలు తిరిగితే, బావ దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ అదొక విశేషంగా చెప్పాడు. నా సేవ గురించి కూడా చెప్పాడు. "సొంత కొడుకు కూడ గట్ల చెయ్యడు," అని నా ముందే అంటుంటే నేను వద్దనలేదు.

మరుసటి ఏడు పత్తి బండ్లు గంజ్‌కు రావడం మొదలైన రోజుల్లో అక్కకు మళ్ళీ నొప్పి వచ్చింది. ఈసారి వీపులో. పరీక్షలు చేసి, జబ్బు తిరిగొచ్చిందని డాక్టరమ్మ చెప్పింది. తాము ఆశించినదానికంటే చాలా ముందుగా వచ్చిందని కూడా అంది.

బావ కుర్చీ ముందుకు జరిగాడు. "దాచిపెట్టిన సగం ఉన్నది గద మేడమ్? అది ఏస్తే అయిపాయె."

"ఉంది. కాని మొదటిసారి ఇచ్చాక ఇంత త్వరగా తిరిగొచ్చిందంటే, ఆ మందుకు ఈ జబ్బు లొంగడం లేదనే మేం అనుకుంటాం. పనిచేయనిదాన్ని మళ్ళీ ఇచ్చి ఆమెను అంత కష్టపెట్టడం సరికాదు. వేరే మాత్రలతో వీలైనంత కాలం నెట్టుకొద్దాం."

వీలైనంత కాలం అన్న మాట బావకు అర్థం కాలేదు. అక్కకు అయింది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

ఒక మందు పనిచేయలేదని తేల్చేముందు ఆ నీళ్ళలో ఇంకేం కలిసిందో అడగడం నా వృత్తిలో మొదటి పాఠం. డాక్టరమ్మ అడిగింది. లేదని నేనే చెప్పాను. ఇప్పుడు ఆ జవాబు మీద ఆధారపడి మా అక్కకు మిగిలిన ఒక దారి మూసేస్తోంది. మందు ఓడిందో, నేనే ఓడించానో ఆమెకు తెలియదు. తెలియాలంటే నేను చెప్పాలి. ఆ గదిలో చెప్పలేదు. మహబూబ్‌నగర్ దాటి, మక్తల్ దాటి, కృష్ణ మీది వంతెన దాటి ఇంటికి చేరేదాకా కారులో అక్క పక్కనే కూర్చుని కూడా చెప్పలేదు. ప్లాంటుకు వెళ్ళి పనిచేసుకున్నాను. ఎన్నోసార్లు ఫోన్ తీశాను, పెట్టేశాను. అక్క ఆయుష్షు గురించి ఆలోచిస్తున్నానని అనుకున్నాను. నిజానికి బావ ముఖం గురించి ఆలోచిస్తున్నాను.

తర్వాతి ఆదివారం వెళ్ళాను. అక్క చాప మీద దిండుకు ఆనుకుని కూర్చుని పుంటికూర ఆకు తుంచుతోంది. బావ గడప దగ్గర పాత గోనెసంచికి దబ్బనంతో కుట్లు వేస్తున్నాడు. భోజనం దాకా ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలిసి, కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. మాత్రలు, డబ్బా, డాక్టరమ్మ అడిగిన ప్రశ్న, నా జవాబు.

బావ దబ్బనం పక్కన పెట్టాడు. "ఏం చెప్తున్నవ్ నువ్వు?"

"వద్దన్నది బావా. అయినా ఇచ్చిన."

"చదువుకున్నోనివని నీ చేతుల పెడితి గద రా మనిషిని!" ఎప్పుడూ బామ్మర్దీ అనే మనిషి నన్ను 'రా' అనడం అదే మొదటిసారి. "అన్నీ నీకే ఎర్కనా? డాక్టర్లు ఊకె గాడిదలు కాస్తున్నరా ఆడ?" ఇంకా ఏదో అనబోయి ఆపేసి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆదివారం దుకాణం మూసి ఉంటుంది. అయినా అటే వెళ్ళాడు.

అక్క ఆకు తుంచడం ఆపలేదు. చేతిలోని కట్ట అయిపోయాక అడిగింది.

"అయితే అవి డాక్టరమ్మ ఇయ్యలే."

"ఇయ్యలే అక్కా."

"ఇయ్యమన్నదని చెప్తివి గద."

"చెప్పిన."

"నువ్వు ఇస్తున్ననంటే కూడ ఏసుకుంటుంటి రా. ఎన్నడన్న కాదంటినా? ఆమె పేరేంటికి చెప్తివి?"

నా మాట మీద నాకే నమ్మకం లేక ఆమె పేరు వాడుకున్నానేమో. ఆదివారాల కొద్దీ ఆ ఇంట్లో అన్నీ తెలిసినవాడిగా చెలామణి అయినవాణ్ణి, అసలు అవసరం పడ్డ చోట నా పేరు మీద ఒక్క మాత్ర ఇవ్వలేకపోయాను.

ముగ్గురం మళ్ళీ హైదరాబాదు వెళ్ళాం. డాక్టరమ్మ సాంతం విని ఏమేం మాత్రలో, ఎంత మోతాదో, ఏయే రోజుల్లో ఇచ్చానో అడిగి రాసుకుంది. కోప్పడుతుందని ఎదురుచూశాను. కోప్పడలేదు. "అప్పుడే చెప్పి ఉంటే," అని ఆగిపోయింది. తర్వాత అక్క వైపు తిరిగి మాట్లాడింది.

"దీనివల్లే జబ్బు తిరిగొచ్చిందని నేను చెప్పలేనమ్మా. దీనివల్ల కాదని కూడా చెప్పలేను. ఏ మాత్రా వాడనివాళ్ళకు కూడా ఇలా వస్తుంది. మీ ఒంట్లో అప్పుడు ఏం జరిగిందో కొలిచి చూడలేదు, మామూలుగా ఎవరికీ కొలవం. కాని మందుకు పూర్తి అవకాశం దొరికిందని నేననుకున్నది మాత్రం నిజం కాదు. అందుకని రెండోసారి గురించి ఆలోచించొచ్చు. మీ మూత్రపిండాలు అప్పటిలా లేవు. ప్రమాదం ఎక్కువే. నిర్ణయం మీది."

"ఈసారి పనిచేస్తదా?" అంది అక్క.

"తెలియదమ్మా."

"చేయించుకో అక్కా," అన్నాను నేను వెంటనే. "నేను దగ్గరికి కూడ రాను. వేరే మనిషిని పెడదం. ఉన్న ఒక్క దారి ఇడిసిపెట్టొద్దు."

అక్క నన్ను తేరిపార చూసింది. కోపంగా కాదు. చిన్నప్పుడు నేను తప్పుడు లెక్క చేసి తెచ్చినప్పుడు పలక వైపు అలాగే చూసేది.

"గిది నా కోసం చెప్తున్నవా, నీ కోసమా?"

నేను బల్ల మీది ఫైలు వైపు చూశాను.

"అది పనిచేస్తే నీ మాత్రలే చెడగొట్టినయని అయితది. చెయ్యకుంటే నీ తప్పేం లేదని అయితది. రెండిట్ల ఏదైనా నీకు తెలుస్తది. అది తెలుసుకోనీకె నేను మల్ల ఆ మంటల పోవాల్నా తమ్మీ? నాతోని కాదు. ఆ విరేచనాలు, ఆ జరం, ఆ తలుపు ముయ్యి తలుపు తియ్యి. సాకు." చాలు అన్న ఆ చివరి కన్నడ మాట డాక్టరమ్మకు అర్థమైందో లేదో. ఆమె ఫైలు మూసింది.

బావ బతిమాలాడు. ఇంటికొచ్చాక కూడా రోజుల తరబడి బతిమాలాడు. ఆమె వినలేదు. వేరే మాత్రలతోనే నెట్టుకొచ్చాం. అవి కొన్నాళ్ళు పనిచేశాయి, ఆ తర్వాత చేయలేదు.

ఆదివారాలు వెళ్ళడం మానలేదు. అక్క మానమనలేదు. బావ నాతో నేరుగా మాట్లాడేవాడు కాదు. "మీ తమ్మునికి చాయ్ పొయ్యాల్నేమో అడుగు," అని అక్కతో అనేవాడు, నేను ఎదురుగా ఉండగానే. మాత్రలు ఆయనే ఇచ్చేవాడు. నేను మంచినీళ్ళ గ్లాసు అందించినా అక్క కళ్ళు చికిలించి, "డాక్టరమ్మ చెప్పిందా, నువ్వు చెప్తున్నవా?" అని అడిగేది. అడిగి నవ్వేది. ఆ నవ్వులో నన్ను వెక్కిరించడం ఉంది, నన్ను ఇంకా దగ్గరే ఉంచుకోవడం కూడా ఉంది. బావ మాత్రం ఆ హాస్యానికి ఎన్నడూ నవ్వలేదు. నేను చేసినదాన్ని ఆయనే సరిగ్గా తూచాడని నాకనిపిస్తుంది.

చివరి వారాల్లో నొప్పి ఎముక ఎముకకూ పాకింది. డాక్టరమ్మ రాసిన నొప్పి మందు తప్ప ఇంకేమీ లేదు. ఒక మధ్యాహ్నం ఆ మందు మోతాదుకు ఇంకా సమయం ఉంది. బావ దుకాణానికి వెళ్ళి ఉన్నాడు. ఫ్యాను తిరుగుతున్నా గదిలో ఉడుకు. అక్క పెదాలు ఎండిపోతే దూది తడిపి అద్దుతున్నాను. కళ్ళు తెరిచింది.

"నీ దగ్గర ఇంకేమన్న ఉన్నదా రా?"

మొదట నాకు అర్థం కాలేదు.

"మాత్ర. ఏదన్న సరే. నువ్వు ఇస్తె ఏసుకుంట."

వెక్కిరింపు కాదు అది. గొంతులో నవ్వు లేదు. నేను ఏ మాత్ర ఇచ్చినా, మామూలు విటమిన్ అయినా, ఆ పూటకు ఆమెకు కొంత ఊరట ఉండేదేమో. తగ్గుతుందని చెబితే నమ్మడానికి సిద్ధంగా ఉంది. ఇంత జరిగాక కూడా.

"ఏం లేదక్కా," అన్నాను.

"ఏం లేదా?"

"లేదు."

ఆమె కళ్ళు మూసుకుని గోడ వైపు తిరిగింది. నేను దూది మళ్ళీ తడిపి పట్టుకుని కూర్చున్నాను.